ఓడినవాడే బస్సెక్కాలి

జగ్గయ్యపేటలో గోల్ఫు అనే ఆట ఒకటుందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పుకోవడం లేదు. తెలిసిన సంగతి మాట్లాడుకోవడానికి ఇంకో మనిషి లేకపోతే ఆ తెలియడం కూడా బరువే.

నా పేరు నాగూర్ బాషా. బస్టాండు వెనక సైకిల్ షాపు నాది. పంచర్లు వేస్తాను, చక్రాల వంకర తీస్తాను, గంటకింత అని సైకిళ్ళు అద్దెకిస్తాను. అంతకు ముందు, దొరల కాలంలో, పద్నాలుగేళ్ళు వాల్తేరులో గోల్ఫు మైదానంలో పనిచేశాను. బంతిని కొట్టే కర్రలు డజను పైగా ఒక తోలుసంచీలో ఉంటాయి. ఆ సంచీ భుజాన వేసుకుని దొర వెంట నడవాలి. బంతి ఎక్కడ పడిందో వెతకాలి. ఏ కర్రతో కొట్టమంటావని అడిగితే చెప్పాలి. క్యాడీ అనేవాళ్ళు మమ్మల్ని. దొరలు ఓడలెక్కి పోయారు, వాళ్ళతో మా పనీ పోయింది.

మా అంటే నాదీ, స్తెఫనుదీ. స్తెఫనుది నందిగామ. ఇద్దరం ఒకే రైలుపెట్టెలో వాల్తేరు వెళ్ళాం, ఒకే పాకలో వండుకు తిన్నాం, ఒకే ఏడు తిరిగొచ్చాం. అతను చర్చిలో గంట కొట్టే పనికి కుదిరాడు. నేను ఈ సైకిళ్ళ మధ్యకి వచ్చి పడ్డాను. ఇక్కడికీ అక్కడికీ పద్దెనిమిది మైళ్ళు.

మా ఖాదర్‌బీ పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఊళ్ళో అందరూ నన్ను మర్యాదగానే చూస్తారు, "బాషాగారూ" అంటారు. మర్యాద మంచిదే, కాదనను. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మర్యాదే తింటూ బతకడం కష్టం. "ఒరేయ్ బాషా" అనే మనిషి స్తెఫను ఒక్కడే మిగిలాడు. ఆ ఒరేయ్ కోసం ఏడాది పొడుగునా జూలై నెలకు ఎదురుచూసేవాణ్ణి.

జూలైలో ఏమిటంటే, దొరల సీమలో సముద్రం ఒడ్డున గోల్ఫులో కెల్లా పెద్ద పోటీ జరుగుతుంది. మూడు రోజుల్లో మైదానాన్ని నాలుగుసార్లు చుట్టాలి. మోకాలి లోతు గడ్డి. దిగితే తల మాత్రమే కనిపించే ఇసుకగుంటలు. అన్నిటినీ మించి ఆ గాలి. కొమ్ములు తిరిగిన ఆటగాళ్ళు కూడా అక్కడికొచ్చి ఏడుస్తారు. పోటీకి వారం ముందు నేనూ స్తెఫనూ చెరొక కార్డు రాసుకునేవాళ్ళం, ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో. నేను ఎప్పుడూ లోకమంతా గెలుస్తాడనే ఆటగాడి వైపే. స్తెఫను ఎప్పుడూ ఇంకొకడి వైపు. "ముందుగా దండ వేయించుకున్న దున్నపోతు ఎక్కడికి పోతుందో నీకు తెలీదంట్రా?" అని రాయించేవాడు.

రాయించేవాడు అనే చెప్పాలి. అతనికి రాయడం రాదు. అతను చెబుతుంటే భార్య దేవమణి రాసేది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. అంత అందమైన దస్తూరీలో అన్ని తిట్లు తిన్నవాణ్ణి ఈ జిల్లాలో నేనే అయి ఉంటాను.

ఫలితం తెలిశాక మా షరతు ఒకటుంది. ఓడినవాడు బస్సెక్కి గెలిచినవాడి ఊరు పోవాలి. టీ తాగించాలి. గెలిచినవాడు తిట్టినన్ని తిట్లు తలొంచుకుని తిని, మళ్ళీ బస్సెక్కాలి. పదకొండేళ్ళు ఒక్కసారి తప్పలేదు. పోయినేడు గెలుపు నాది. స్తెఫను దగ్గుకుంటూ బస్సు దిగాడు. తిట్టే వంతు నాదైనా, నన్ను నోరెత్తనిస్తేనా? తన ఆటగాడికి గాలి ఎలా అడ్డం తిరిగిందో చెప్పి చెప్పి, వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి కూడా నన్నే తిట్టాడు.

అతని తిట్టు అసలు ఒక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు. వాల్తేరులో ఒక ఏడు క్లబ్బు పోటీ ఆఖరి రోజున మా దొర గెలుస్తాడని అందరూ ఖాయం చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను. బంతి వెయ్యాల్సిన ఆఖరి గుంట దగ్గర ఏ కర్ర అని దొర అడిగాడు. ఆయన భుజబలం నమ్మి ఒక కర్ర ఇచ్చాను. సముద్రం మీంచి గాలి ఎదురొచ్చి బంతిని ఇసుకలో పడేసింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని స్తెఫను దొర గెలిచాడు. ఆ సాయంత్రం పాకలో స్తెఫను అన్నాడు, "నువ్వు గాలిని చూడవురా, మనిషిని చూస్తావు." ప్రతి కార్డులోనూ ఆఖరి వాక్యం అదే.

ఈ ఏడు కార్డు మామూలుగానే వచ్చింది. నావాడు భీముడు. పేరు మేం పెట్టుకున్నదే, పేపర్లో బొమ్మ చూసి. పోటీలన్నీ గెలుచుకుంటూ వస్తున్నాడు. స్తెఫను పొట్టోణ్ణి పట్టుకున్నాడు. "పొట్టోడు బంతిని నేల మీదే పోనిస్తాడు, గాలికి అందనివ్వడు. నువ్వు గాలిని చూడవురా, మనిషిని చూస్తావు" అని ఉంది. చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

పోటీ మొదలయింది. ఇంగ్లీషు పేపరు గ్రంథాలయానికి బెజవాడ బస్సులో ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. నాకు ఇంగ్లీషు రాదు. అంకెలొచ్చు, పేర్లు అక్షరాల వాలకాన్ని బట్టి గుర్తుపడతాను. మొదటిరోజు భీముడిదే పైచేయి. షాపుకొచ్చి ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలీక పక్కన టీకొట్టు రత్తయ్యకు చెప్పాను.

"మీవోడికి ఎంతొచ్చిందండీ?" అన్నాడు రత్తయ్య.

"అరవై ఎనిమిది."

"రెండోవాడికి?"

"డెబ్భై రెండు."

"అయ్యో, నాలుగు వెనకబడ్డాడన్నమాట."

"వెనక కాదయ్యా, ముందున్నాడు. బంతిని గుంటలో వెయ్యడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్క. ఎంత తక్కువైతే అంత గొప్ప."

"ఎక్కువ కొట్టినోడు ఓడిపోవడమేంటండీ బాబూ! బండలాగుడు పందెంలో తక్కువ దూరం లాగిన ఎడ్లకిస్తారా బహుమతి?"

కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళకు పరీక్షలో మార్కులైనా, కబడ్డీ అయినా, పుట్లకొద్దీ పండిన పంటైనా, ఎక్కువొస్తేనే గెలుపు. తక్కువలో గొప్ప ఉంటుందని చెబితే చెవికెక్కదు. ఇలాంటప్పుడు స్తెఫను పక్కనుంటే చాలు, ఇంకెవరూ అక్కర్లేదనిపిస్తుంది.

ఆఖరిరోజు అక్కడ గాలి లేచింది. భీముడు గడ్డిలో పడ్డాడు, ఇసుకలో పడ్డాడు. మొత్తం రెండు వందల తొంభై మూడు. పొట్టోడు రెండు వందల ఎనభై అయిదు. జాబితాలో మొట్టమొదటి పేరు వాడిదే. గ్రంథాలయం బల్ల మీద ఆ అంకెలు రెండుసార్లు చూసుకున్నాను. ఓడిపోయాను. నిజం చెప్పాలంటే పెద్దగా బాధ లేదు. నందిగామ పోవచ్చు. తిట్లు తినొచ్చు. చొక్కా ఉతికి ఆరేశాను, సోమవారం షాపు మూసెయ్యాలనుకున్నాను.

సోమవారం పొద్దున తాళం వేస్తుండగా పోస్టుమాన్ కార్డు ఇచ్చాడు. అవే గుండ్రటి అక్షరాలు.

"ఒరేయ్ బాషా, నీవాడే గెలిచాడు. రెండు వందల తొంభై మూడు కొట్టాడు. నావాడు రెండు వందల ఎనభై అయిదు దగ్గరే ఆగిపోయాడు. ఓటమి ఒప్పుకుంటున్నాను. నేనే రావాలి గానీ మోకాళ్ళు పట్టేశాయి. నువ్వు కూడా శ్రమపడి రావద్దు. వచ్చే ఏడు చూసుకుందాం. నువ్వు గాలిని చూడవురా, మనిషిని చూస్తావు."

మొదట వేళాకోళం అనుకున్నాను. గెలిచి, ఓడానని రాసి ఏడిపిస్తున్నాడనుకున్నాను. మళ్ళీ చదివాను. స్తెఫను తన పుట్టుకలో ఓటమి ఒప్పుకున్నవాడు కాదు. అది పోనీ. పద్నాలుగేళ్ళు సంచీ మోసినవాడు, నిద్రలో లేపి అడిగినా, తొంభై మూడు ఎనభై అయిదు మీద గెలిచిందని చెప్పడు. రత్తయ్య చెబుతాడు. ఈ ఊళ్ళో ఎవరైనా చెబుతారు. దేవమణి కూడా చెబుతుంది.

రాసే చెయ్యి ఉంది, చెప్పే నోరు లేదు. అంతవరకు అర్థమయ్యాక షాపు మెట్టు మీదే కాసేపు కూలబడ్డాను. తర్వాత బస్సెక్కాను. చిల్లకల్లు దాటేదాకా కార్డు చేతిలోనే ఉంది. మోకాళ్ళ నొప్పి నిజమే అయ్యుంటుందని, జ్వరంలో పడి ఉంటే ఆవిడే ఏదో రాసి ఉంటుందని నాకు నేను చెప్పుకుంటూ కూచున్నాను. వాన పడ్డ నల్లరేగడి చేలల్లో గొర్రులు తోలుతున్నారు. చూశానే గానీ ఏం చూశానో తెలియదు.

చర్చి వెనక రెండు గదుల ఇల్లు. దేవమణి వాకిట్లో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టి లేచింది. పంచలో స్తెఫను కూచునే పీట గోడకు నిలబెట్టి ఉంది, దాని మీద సాలెగూడు పట్టింది.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"మట్టలాదివారానికి వారం ముందండి అన్నయ్యగారూ, నాలుగు నెలలు కావస్తోంది. ఆ దగ్గేనండి."

"నాకు కబురు పెట్టలేదేం?"

"వద్దన్నారండి. 'వాడికి నేను గాక ఎవరున్నారే, జూలైలో కార్డు మాత్రం ఆపొద్దు' అన్నారు. ఎవర్ని పట్టుకోవాలో కూడా అప్పుడే చెప్పారు. భీముణ్ణి మీరొదలరంట, పొట్టోణ్ణి రాయమన్నారు. రెండు పేర్లూ ఇంగ్లీషులో చీటీ మీద రాయించి పెట్టారు." ఆమె ఆగి, తల దించుకుంది. "పాస్టరుగారింట్లో పేపరు తెచ్చుకుని చీటీతో పోల్చి చూశానండి. పేరు పక్కన అంకె పెద్దది మీవాడిదేనని రాశా. మనిషి పోయిన ఇంట్లో ఆటలేంటంటారని ఎవర్నీ అడగలేదు. తప్పు రాశానా?"

అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఆ కార్డు ఏటా వస్తూ ఉండేది కూడా. కానీ స్తెఫను గెలిచిన పోటీని నా చేత్తో నేను ఎలా తీసుకుంటాను?

"ఈ ఆటలో తక్కువ కొట్టినవాడే గెలిచినట్టమ్మా," అన్నాను.

"ఇన్నేళ్ళూ ఆయన చెప్తుంటే రాసేదాన్నండి. ఎందుకో ఏంటో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు." తర్వాత మెల్లిగా అడిగింది, "అయితే ఈసారి... ఆయనే గెలిచారా?"

"గెలిచాడమ్మా. నేనే ఓడా."

ఆమె కొంగుతో నోరు మూసుకుని లోపలికి వెళ్ళింది. నేను బస్టాండు దాకా నడిచి, గాజుగ్లాసులో టీ పోయించుకుని, మీద కాగితం కప్పి తెచ్చాను. తిరిగొచ్చేసరికి ఆమె మొహం కడుక్కుని గడప దగ్గర కూచుంది. గ్లాసు ఆమె ముందు పెట్టి నేను అరుగు మీద కూచున్నాను.

"ఇదేంటండీ?"

"షరతు చెల్లెమ్మా. ఓడినవాడు టీ తాగించి తిట్లు తినాలి. ఆయన లేడు, ఆయన మాటలన్నీ రాసింది నువ్వేగా. తిట్టు."

"నేనా? మిమ్మల్నా?"

"నువ్వు తిట్టకపోతే నేను బస్సెక్కను."

ఆమె కార్డు ముందు పెట్టుకుని రాస్తున్నట్టు కళ్ళు దించింది. నేను తల వంచుకుని కూచున్నాను. వాల్తేరులో ఆ సాయంత్రం కూడా ఇలాగే కూచున్నాను. "నువ్వు..." అని ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"మీరు గాలిని చూడరండి అన్నయ్యగారూ... మనిషిని చూస్తారు."

పీట మీద సాలెగూడు చూసినప్పుడు నేను ఏడవలేదు. మట్టలాదివారం మాట విన్నప్పుడూ ఏడవలేదు. ఆ తిట్టులోకి 'అండి' వచ్చేసరికి మాత్రం ఆపుకోలేకపోయాను. నన్ను ఒరేయ్ అనేవాడు ఈ భూమ్మీద ఇక లేడు. ఆవిడ ముందే, పసివాడిలా ఏడ్చాను.

టీ చల్లారిపోతోంది తాగమ్మా అని చెప్పి, కళ్ళు తుడుచుకుని లేచాను. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. జగ్గయ్యపేట బస్సు ఒంటిగంటకుంది.