తట్ట దించని ఆదివారం

ఉక్కునగరం క్వార్టర్లలో, మా సెక్టార్‌లో ఎవరికి దగ్గొచ్చినా, ఎవరి పిల్లాడికి కడుపునొప్పొచ్చినా ముందు మా ఇంటికే వచ్చేవారు. నేనేం డాక్టర్ని కాదు. మా ఆయన శివరామకృష్ణ స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో పనిచేస్తారు, నేను ఇంట్లో ఉంటాను. కాకపోతే పేపర్లో ఆరోగ్యం పేజీ వదలకుండా చదువుతాను. చదివింది నలుగురికీ చెప్పకపోతే నాకు అన్నం సయించదు. "సూర్యకళగారికి తెలియనిదంటూ ఉండదు" అని ఎదురింటి అనూరాధ అంటే పైకి మొహమాటపడుతూ లోపల పొంగిపోయేదాన్ని. ఆ పొంగే ఒక మనిషి కొంప ముంచింది.

ఆ మనిషి పేరు దేముడమ్మ. జాలరిపేట వాళ్లు. మొగుడు ఎల్లాజీ బోటు మీద వేటకెళ్తాడు. ఈవిడ తెల్లవారకుండానే హార్బర్‌కి పోయి, వేలంలో చేపలు పాడుకుని, షేర్ ఆటోలో కూర్మన్నపాలెం గేటు దగ్గర దిగి, పెద్ద అల్యూమినియం తట్ట నెత్తిన పెట్టుకుని ఉక్కునగరం అంతా తిరిగేది. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆవిడ మొదటి గుమ్మం మాదే. బోణీ నా చేత్తో అయితే పదకొండింటికల్లా తట్ట ఖాళీ అవుతుందని ఆవిడ నమ్మకం. గేటు తీసుకుని వస్తూనే "ఓ సెయ్యెయ్యండమ్మగోరూ!" అని కేకేసేది. అంత బరువు ఒక్క మనిషి దించుకోలేదు, రెండో అంచు ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను కొంగు దోపుకుని వెళ్లి పట్టుకునేదాన్ని. చేపల నీళ్లు మోచేతుల దాకా కారేవి, మా ఆయన ముక్కు మూసుకునేవారు, మేమిద్దరం నవ్వుకునేవాళ్లం.

ఈ జనవరిలో ఒక ఆదివారం తట్ట దించాక దేముడమ్మ చేపలు చూపించలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అమ్మగోరూ, మీకన్నీ తెలుసు గదా. ఇక్కడ ఏటో ఉన్నాది, ఒకపాలి సూడండి."

నా చెయ్యి పట్టుకుని ఎడమ రొమ్ము పక్కన ఆనించుకుంది. జాకెట్టు మీంచే తగిలింది. ఉసిరికాయంత, గట్టిగా.

"నొప్పుందా?"

"నేదమ్మా. నొప్పుంటే ఈపాటికి ఆస్పత్రికెల్లిపోదునా."

"నొప్పి లేకపోతే ఏమీ కాదు. తట్ట దించేటప్పుడు రోజూ అంచు అక్కడే తగులుతుంది కదా, కదుం కట్టింది. వేడినీళ్ల కాపడం పెట్టు, కరిగిపోతుంది."

ఎంత ధీమాగా అన్నానో! ఎక్కడా చదవలేదు. నోటికొచ్చింది, అన్నాను. ఆవిడ మొహం తేటపడింది. "బతికించీసినారు. పదిరోజులై కంటికి కునుకు నేదు" అంటూ నేనిచ్చిన బోణీ డబ్బులు కళ్లకద్దుకుంది. ఆ రోజు ఒక చందువ ఎక్కువే వేసింది.

మధ్యాహ్నం స్నానం చేస్తుంటే ఎందుకో నా చెయ్యి నా రొమ్ము మీదికి పోయింది. కుడివైపు. బఠాణీ గింజంత. నొప్పి లేదు.

దేముడమ్మకి చెప్పిన వైద్యం నాకు నేను చెప్పుకోలేదు. కాపడం పెట్టుకోలేదు. సోమవారం ఎనిమిది కాకుండానే కంపెనీ ఆస్పత్రి లైన్లో నిలబడ్డాను.

తరవాతి ఆదివారం ఆవిడ వచ్చింది. "కాపడం ఎడతన్నానమ్మా" అంది. నా సూది పరీక్ష అప్పటికే అయింది, రిపోర్టు రాలేదు. ఇంకా ఏదీ తేలలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని, "మంచిది, పెట్టు" అన్నాను. ఆ రెండు మాటలు ఇప్పటికీ చెవిలో మోగుతాయి.

ఆ శనివారం రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. మొదట్లోనే పట్టుకున్నాం, అదృష్టవంతులు అన్నాడు డాక్టరు. మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది.

"ఓ సెయ్యెయ్యండమ్మగోరూ!"

నేను తలుపు వెనకే ఉన్నాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. తీస్తే చెప్పాలి. చెబితే నా సంగతీ బయటపడుతుంది, సాయంత్రానికి సెక్టారంతా తెలుస్తుంది, ఊరందరికీ సలహాలిచ్చే సూర్యకళకే వచ్చిందట అంటారు. దానికన్నా ముందు, నేను చెప్పింది తప్పని ఆవిడ మొహం చూసి ఒప్పుకోవాలి. నిజం చెప్పాలంటే అదే నా వల్ల కాలేదు. ఆవిడ రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. కిటికీ సందులోంచి ఆవిడ పాదాలు కనిపిస్తున్నాయి. నెత్తిన అంత బరువుతో, దించుకోలేక, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాయి. "ఊరెల్లిపోనారేటో" అని తనలో తను అనుకుంటూ వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో నాకు ఆపరేషనైంది. అమ్మకి బాగాలేదు, రామచంద్రపురం వెళ్తున్నానని ఇరుగుపొరుగుకి చెప్పాను. మార్చి నుంచి ఇరవై ఒక్క రోజులకోసారి నగరంలో పెద్దాస్పత్రిలో కీమో. జుట్టు ఊడితే విగ్గు కొనుక్కున్నాను. ఆదివారాలు తలుపు తియ్యడం మానేశాను. కొన్నాళ్లకి గేటు చప్పుడు కూడా ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, అనుకున్నాను.

జూన్‌లో ఐదో కీమోకి వెళ్లేసరికి నా కుడిపక్క కుర్చీలో దేముడమ్మ ఉంది.

సగం అయిపోయింది మనిషి. పక్కన కోడలు పుష్ప ఫైలు పట్టుకుని నిలబడింది. నేను గుర్తుపట్టనట్టు తల తిప్పుకోబోయాను, ఆవిడే ముందు చూసింది.

"ఓలమ్మా! అమ్మగోరూ! మీకు కూడా వొచ్చీసిందా?"

అని భోరుమంది. తనకోసం కాదు, నాకోసం. ఆవిడ గడ్డ పెరిగి, చంకలోకి పాకి, చెయ్యి వాచి తట్ట ఎత్తలేని పరిస్థితి వచ్చాక మే నెలలో ఆస్పత్రికి వెళ్లిందట. ముందు మందులతో తగ్గించి తరవాత కోస్తామన్నారట. ఆ వార్డులో ఉన్నవాళ్లందరికీ నన్ను చూపించి చెప్పింది.

"మేవిద్దరం ఒక్కలాగే మోసపోనాం. నొప్పి నేదు గదాని ఊరుకున్నాం. పేపర్లు సదివే అమ్మకే తెల్నేదు, నాకేటి తెలుస్తాది?"

నేను నోరు మెదపలేదు. అంతకన్నా పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఆ రోజు ఆవిడకి మొదటి కీమో, నర్సుకి నరం దొరకలేదు. మూడుసార్లు పొడిచింది. దేముడమ్మ ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి నా వైపు చాపింది. పట్టుకున్నాను. సముద్రం మీద మొగుణ్ని పంపి పాతికేళ్లు ధైర్యంగా బతికిన మనిషి, చిన్నపిల్లలా నా వేళ్లు నలిపేసింది. అప్పట్నుంచి అది మాకు అలవాటైంది. నా సూదికి ఆవిడ చెయ్యి, ఆవిడ సూదికి నా చెయ్యి.

"ఈ కుర్సీల్లో కూకున్నాక అమ్మగోరేటి, అయ్యగోరేటి. నువ్వు నాకు సెల్లివి. నన్ను అక్కా అను" అంది రెండోసారి కలిసినప్పుడు. నాకు నోరు రాలేదు. మొహమాటం అనుకుని నవ్వింది.

నా విగ్గు తీయించింది కూడా ఆవిడే. "ఉడుకెత్తిపోతన్నావు, తీసీ. ఇక్కడందరివీ గుండ్లే, నిన్నెవులు సూత్తారు?" నేను ఆవిడకి మాత్రల వేళలు రంగు చుక్కలు పెట్టి రాసిచ్చాను. జ్వరం వస్తే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో పుష్పకి నేర్పాను. వాంతులైన రోజున రాత్రి ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. "మీ ఆయన పనిసేసే ఫ్యాక్టరీ అంతా నా నోట్లోకొచ్చీసినట్టున్నాది సెల్లీ, ఏటి తిన్నా ఇనప రుసే" అంటే పడీపడీ నవ్వాను. మా ఆయనతో కూడా అలా నవ్వలేదు ఆ ఏడు నెలల్లో. ఫోన్ పెట్టేశాక లెక్క చూసుకునేదాన్ని. ఈ మనిషి నా పక్కన ఉండబట్టి నేను నిలబడుతున్నాను. ఈ మనిషి ఇక్కడ ఉండటానికి కారణం నేను. రెండూ నిజమే.

ఆగస్టులో నాది ఎనిమిదోది, ఆఖరుది. ఆవిడకింకా నాలుగున్నాయి. చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఆ ఒక్క పూట గడిస్తే ఈ కుర్చీలోకి మళ్లీ రానక్కర్లేదు, ఆవిడ దృష్టిలో జీవితాంతం మంచి చెల్లెలిగా మిగిలిపోవచ్చు. ఇంటి దగ్గర్నుంచి ఆ ఆలోచనతోనే వచ్చాను.

దేముడమ్మ రక్తం రిపోర్టు ఆలస్యమైంది, ముందు నాకే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆవిడ ఎండు నెత్తళ్లు పేపర్లో పొట్లం కట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నీకు నోరు బాగయ్యాక వొండుకో. నీ సెయ్యి మంచిది సెల్లీ. నా మొదటి సూది నీ సెయ్యి పట్టుకునే ఏయించుకున్నాను గదా, నాకూ నీలాగే తగ్గిపోద్ది."

ఇంక నావల్ల కాలేదు.

"అక్కా," అన్నాను. "మనిద్దరం ఒక్కలాగే మోసపోలేదు. నేను మోసపోలేదు."

"ఏటంతన్నావు?"

"నువ్వు చూపించిన రోజే నాది నేను చూసుకున్నాను. మర్నాడే ఆస్పత్రికి వెళ్లాను."

"మర్నాడే? మరి నాను కాపడం ఎడతన్నానని సెప్పినప్పుడు?"

"అప్పటికే పరీక్ష చేయించుకున్నాను."

"ఆ పై ఆదోరం మూడుపాలి పిలిసినాను. ఊర్లో నేవనుకున్నాను."

"ఇంట్లోనే ఉన్నాను. తలుపు వెనక. అప్పటికి రిపోర్టు కూడా వచ్చేసింది. అక్కా..."

"ఇన్నాల్లూ అనమంటే నోరు రానేదు. ఇప్పుడొచ్చిందేటి అక్క?"

అరవలేదు. ఏడవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నర్సు ఆవిడ సూది తెచ్చింది. నేను అలవాటుగా చెయ్యి చాపాను. దేముడమ్మ తన ఎడమచెయ్యి కొంగులో దాచుకుంది. నర్సు రెండుసార్లు పొడిచింది. ఆవిడ పళ్లు బిగించి గోడకేసి చూస్తూ కూర్చుంది.

నా మందు అయిపోయి లేచేటప్పుడు, "నన్ను క్షమించు" అన్నాను.

"అది నన్నడక్కండి." మళ్లీ 'అండి' వచ్చింది. "ఆదోరం మా పేటకి రండి. నాలాగ తట్టలు మోసీవోల్లు అక్కడ ఇరవైమందున్నారు. మీరు నాకు సెప్పిన మాటే నాను ఆల్లకి సెప్పీసినాను, నొప్పి నేకపోతే ఏటీ కాదని. సూర్యకళమ్మగోరు సెప్పినారని మరీ సెప్పాను. ఆ మాట నాను ఎనక్కి తీసుకుంతే ఆల్లు నమ్మరు. మీరే రావాల."

నా గొప్ప నా గడప దాటి, కూర్మన్నపాలెం దాటి, ఆ పేట దాకా నడిచిందన్న మాట.

ఆదివారం విగ్గు ఇంట్లోనే వదిలేశాను. మా ఆయన రాత్రి షిఫ్ట్ దిగి వచ్చి, నిద్రపోకుండా బండి తీశారు. ఎదురింటి అనూరాధ గేటు దగ్గర నిలబడి నా బోడిగుండు చూసి నోరు తెరిచింది. చూడనీ అనుకున్నాను.

జాలరిపేటలో బోర్లించిన తట్టల మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. దేముడమ్మ ఓ పక్కన గోడకి ఆనుకుని ఉంది. నన్ను పలకరించలేదు. నేనే చెప్పాను, మొదటి నుంచీ. ఉసిరికాయంతా, బఠాణీ గింజంతా, కాపడం, తలుపు, మూడు పిలుపులు. ఏదీ దాచలేదు. ఒకావిడ ఛీ అంది. అనాల్సిందే. చివర్న జోగమ్మ అనే ముసలావిడ అడిగింది.

"అయితే నొప్పి నేపోయినా ఎల్లాలంతావేటమ్మా?"

"నొప్పి లేకపోతే ఇంకా బేగి వెళ్లాలి. రేపే వెళ్లాలి. ఎవరికైనా చేతికి తగిలితే చెప్పండి, నేను తోడొస్తాను."

కాసేపటికి పుష్ప, ఆ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు లేచి, ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. బయట మిగిలిన వాళ్లం ఆ తలుపుకేసే చూస్తూ కూర్చున్నాం. ముగ్గురూ బయటికి వచ్చారు. ఏమీ తగల్లేదని ఇద్దరు తల అడ్డంగా ఊపారు. మూడో ఆమె "నాకు తెల్డం నేదు, సూపించుకుంతాను" అంది. మర్నాడు ఆమెని తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. వట్టి కొవ్వు గడ్డేనన్నారు. ఆ మాట విని నేనే ఎక్కువ ఏడ్చాను.

దేముడమ్మ ఐదో కీమో రోజున నన్నెవరూ రమ్మనలేదు. వెళ్లాను. నా పాత కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు. ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు, పొమ్మనీ అనలేదు. పుష్ప మందుల చీటీతో కిందికి వెళ్లింది. నర్సు సూది తీసుకుని వచ్చింది.

దేముడమ్మ కళ్లు మూసుకుంది. ఎడమచెయ్యి కొంగులోంచి మెల్లిగా బయటికొచ్చింది.

"ఓ సెయ్యెయ్యండమ్మగోరూ" అంది.

సెల్లీ అనలేదు. నేనూ అడగలేదు. పట్టుకున్నాను.