వదిలిన రెండు మూరలు

"అమ్మా, సున్నం గడ్డకడుతున్నది," అన్నాడు సున్నాలేసే గుండయ్య మూడోసారి.

"జర ఆగరాదయ్యా! ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది... పోయింది. మళ్ల మొదటికొచ్చింది."

పాతబస్తీ జహనుమాలోని ఆ ఇంట్లో, స్నానాలగది వెనుక గోడ మీద పొడుగుకాళ్ల పురుగులు గుంపులుగా ఉన్నాయి. చూడటానికి సాలీళ్లే, గూడు మాత్రం అల్లవు. ఊపిరి తగిలితే చాలు, గుంపు గుంపంతా ఊగుతుంది. ముప్పై ఏళ్లు బడిలో హాజరు వేసిన రంగనాయకికి వీటి హాజరు కుదరడం లేదు.

గురువారం ఆమె భర్త శ్రీపాద సంవత్సరీకం. ఆలోగా గోడకు సున్నం పడాలి. పడితే ఇవి పోతాయి. ఆయన నోటుబుక్కులో ఏటా ఈ రోజుల్లో ఈ పురుగులను లెక్కపెట్టి ఒక వరుస రాసేవాడు. ఈ ఏడాది వరుస ఖాళీగా పోకూడదు. అయితే ఆయన రెండు గడులు గీశాడు: నల్లవి, చారలవి. ఆమె కళ్లకు అన్నీ ఒకటే. ఈ మనిషి ఏదీ విడమరిచి చెప్పి చావడు అనుకోబోయి, ఆ మాటను మింగేసింది.

"అన్నీ కలిపి లెక్కవెడితే ఎట్లమ్మా? పైన రేకుల కింద, పొడి జాగల ఉన్నయి నల్లవి. కింద నీళ్లు పోయే మోరీ పక్క తడిల ఉన్నయి చారల కాళ్లవి. ఖాందాన్ ఒకటే గాని, దాని జాగకు ఇది పోదు. ఒక్క గోడ మీదనే ఉంటయి, లొల్లి లేదు."

"నీకెట్ల తెలుసు?"

"సారే చెప్పిండు. ఏటా పైన మూర, కింద మూర సున్నం ఎయ్యకుమన్నడు."

రంగనాయకి గోడను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ రెండు మూరలు చూసే కదా ఏటా ఇతణ్ణి పనిదొంగ అని దులిపింది!

"నేను తిట్టంగ ఆయన పక్కనే ఉండె గదా?"

"ఉండె. 'గట్టిగ తిట్టు రంగనాయకీ, వీడు గింతే' అన్నడు. అటెన్క హోటల్ల చాయ్ తాపిచ్చిండు."

ఇన్నేళ్లు! ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి మనిషి లేడు.

మళ్లీ లెక్కపెట్టింది. నల్లవి నలభై ఒకటి, చారలవి ఇరవై ఆరు. రాసింది.

"గురువారం మా ఆడబిడ్డ వచ్చి, ఎవడేసిండు ఈ సున్నం అంటది."

"నా పేరే చెప్పుండ్రి. అలవాటే."

"నోర్ముయ్యి," అంటూ సుద్దముక్క తెచ్చి, పైన మూర, కింద మూర వదిలి గోడకు అడ్డంగా రెండు గీతలు గీసింది. రెండోది వంకర పోయింది. "సున్నం ఈ గీతలు దాటిందంటే చూడు."

గుండయ్య బకెట్లో నీళ్లు పోసి కలపసాగాడు.

"పనైనంక చాయ్ ఇంట్లనే తాగు," అంది రంగనాయకి. "హోటలుకు పోకు."