అల్కియోనిని మళ్ళీ పిలిచిన రోజు

అల్కియోని పేరుకి ఏథెన్స్‌లో ఇప్పుడు మహా గిరాకీ అట. బాలింత ఇస్మినీ ఫోన్లో జాబితా చూపించి మురిసిపోయింది. సముద్రాన్ని శాంతపరిచే పక్షి అని అర్థమట. మొగుడు మునిగిపోతే తానూ నీళ్లలో దూకిన మనిషిని దేవతలు పక్షిని చేశారన్న సంగతి ఆ జాబితాలో లేదు. మా కలిమ్నోస్ దీవిలో ముప్ఫై ఏళ్లుగా ఎవరూ ఆ పేరు పెట్టలేదు. పట్నం పిల్లకి అదేం తెలుసు?

పోయినవాళ్ల పేరు బిడ్డకి పెడితే వాళ్లని లేపడం అంటారు మా దగ్గర. ఇస్మినీ అత్తగారు సెవస్తికి లేపాల్సిన మనిషి ఉంది. పదిహేడేళ్లకే మునిగిపోయిన కూతురు అల్కియోని, నా ప్రాణ స్నేహితురాలు.

అది ముప్ఫై ఏళ్ల కిందట, జనవరిలో గాలి ఆగిపోయిన రోజు. ఇద్దరం పడవలో వెళ్లాం, నేనొక్కదాన్నే తిరిగొచ్చాను. పడవ బోల్తాపడిందనీ, అల్కియోని మళ్లీ కనబడలేదనీ చెప్పాను. కనబడింది. నా మణికట్టు పట్టుకుంది. నన్నూ కిందికి లాగుతుంటే విదిలించుకున్నాను. సెవస్తి మాత్రం ప్రతి ఈస్టర్‌కీ నాకు పొట్టేలు మాంసం పంపుతూనే ఉంది.

బాప్తిస్మంలో పేరు చెప్పి పాపని చేతుల్లోకి అందుకునే జ్ఞానతల్లిగా ఉండమని ఆవిడే అడిగింది. ఊళ్లో ఇంతమంది ఉండగా నేనెందుకు పిన్నీ అన్నాను.

"దాని పేరు నీ నోటే వినాలే అమ్మాయ్" అంది.

కాదనడం మాలో లేదు. ఆ రోజు నుంచీ గిన్నెలు కడగడానికి నీళ్లలో చెయ్యి పెడితే చాలు, మణికట్టు మీద వేళ్లు తగిలేవి. నాకు భయమేసేది.

చర్చిలో ఫాదరు పేరడిగాడు. మరియ అనేద్దామనుకున్నాను. ఎదురుగా సెవస్తి కొంగలా మెడ చాచి నిలబడింది. అల్కియోని అన్నాను. అలాంటి పునీతురాలు లేదని ఫాదరు గొణిగి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

పాపకి నిలువెల్లా నూనె పట్టించాను. ఫాదరు రాగి తొట్టిలో మూడుసార్లు ముంచి, ఏడుస్తున్న బిడ్డని నా చేతుల్లోని తువ్వాలులో పెట్టాడు. ఒళ్లంతా జారుడు. పాప చిన్న వేళ్లతో నా మణికట్టు పట్టుకుంది, సరిగ్గా అక్కడే. నా చేతులు చచ్చుబడిపోయాయి.

సెవస్తి వెనకనుంచి వచ్చి నా రెండు మోచేతులూ గట్టిగా పట్టుకుంది. చెవి దగ్గర మెల్లగా అంది.

"ఈసారన్నా వదలకే, నోమికీ."

ఇస్మినీ ఫోటో తీస్తూ నన్ను కాస్త నవ్వమంది.