ఆర్డరు రాలేదు

శుక్రవారంతో కొత్త ఉద్యోగంలో ఆయన మూడు నెలల ప్రొబేషన్ గడువు తీరుతుంది. గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. లేకపోతే బావమరిది చూసిపెట్టిన గోదాము గేటు కాపలా ఉండనే ఉంది.

"కంప్యూటర్లకి కూడా కాపలా ఏంటి బావా? వాటినెవడెత్తుకుపోతాడు?" అనేవాడు బావమరిది.

"నీ గేటు నువ్వే కాసుకోరా. మీ బావ కోర్సు పాసయ్యాడు," అని ఆయన భార్య తమ్ముణ్ణి కసిరేది.

సైన్యంలో పంతొమ్మిదేళ్లు కాపలా కాసిన మనిషి. ఈ ఆఫీసులోనూ అదే పని, తెర మీద. ఏ కంపెనీ కంప్యూటరు బయట ఎవరితో మాట్లాడుతోందో కనిపెట్టాలి. హ్యాకర్లు చొరబడ్డట్టు తేడాగా ఉంటే పైవాళ్లకు రాయాలి. ముంచుకొస్తే దాన్ని నెట్ నుంచి విడగొట్టే బటన్ తన తెర మీదే ఉంటుంది. పక్క సీట్లవాళ్లంతా ఆయన వయసులో సగం. మిలిటరీ బాబాయ్ అనేవాళ్లు.

బుధవారం పదకొండున్నరకు, మందులు పంపిణీ చేసే కంపెనీ తాలూకు కంప్యూటరు ఒకటి ఆయన కంటికి ఆనింది. పది నిమిషాలకోసారి బయటికెక్కడికో చిన్న పలకరింపు. క్షణం అటూ ఇటూ లేదు. మనిషి చేసే పని అంత లెక్కగా ఉండదు. హెచ్చరికల జాబితాలో దాని ఊసే లేదు.

"విడగొట్టమంటారా?" అని టీమ్ లీడర్‌కు రాశాడు. ఆమె మీటింగులో ఉంది. జవాబు లేదు. మళ్లీ రాశాడు. మీటింగు గది దాకా వెళ్లి, అద్దంలోంచి చూసి, తలుపు తట్టకుండా తిరిగొచ్చాడు.

"నొక్కెయ్ బాబాయ్, ఏమవుద్ది?" అంది పక్క సీటు అమ్మాయి.

"ఆర్డరు రావాలమ్మా."

"ఇదేమన్నా యుద్ధమా?"

ఆయన వేలు మౌస్ మీదకు వెళ్లి, వెనక్కి వచ్చింది.

సైన్యంలో ఒకే ఒక్కసారి ఆర్డరు లేకుండా తుపాకీ మీద వేలు నొక్కాడు. తెల్లవారుజాము, పొగమంచులో నీడ కదిలింది. ఆగమని రెండుసార్లు అరిచాడు. ఆగలేదు. పడిపోయింది, నీళ్ల డబ్బాతో తిరిగొస్తున్న తమవాడే. చలికి చెవులు కప్పుకున్నాడు. విచారణలో ఈయన తప్పు లేదన్నారు.

పన్నెండూ నలభైకి ఆ కంప్యూటరు, దాని వెంట మరో అరవై, హ్యాకర్లు తాళాలు వేసినట్టు మూసుకుపోయాయి.

మర్నాడు టీమ్ లీడర్ గదిలోకి పిలిచింది.

"ఎవరికీ కనపడంది మీరు గంట ముందే పట్టుకున్నారు బాబాయ్ గారూ. పైకి అదీ రాశాను. కానీ బటన్ మీ చేతిలోనే ఉందిగా, ఎందుకు నొక్కలేదు?"

"ఆర్డరు రాలేదు మేడమ్."

"అడగక్కర్లేదని మొదటి వారమే చెప్పాను కదా."

"చెప్పారు మేడమ్."

నీళ్ల డబ్బా సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాడు. మెడలోని కార్డు తీసి, తాడు చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టాడు.

ఇంట్లో భార్య శుక్రవారానికని నీలం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆయన మొహం చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"తమ్ముడికి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి."

సోమవారం గోదాము గేటు దగ్గర బావమరిది ఎగతాళి చెయ్యలేదు. గొంతు తగ్గించి చెప్పాడు.

"పెద్దగా పనేం ఉండదు బావా. లారీ వస్తే లోపలికి ఫోన్ చెయ్యి. తియ్యమంటే తియ్యి. నీ అంతట నువ్వేం చెయ్యక్కర్లేదు."

ఆయన తలూపాడు. కుర్చీ ఉన్నా, గేటు పక్కన నిలబడ్డాడు.