పేరమ్మ చావు కబురు

పేరమ్మని చంపాలని హైదరాబాదులో తీర్మానించేశారు. ఆ సంగతి ఫోనులో చెబుతున్న ప్రసన్నకుమార్ గొంతు, పెళ్లివారింట పులిహోర సరిపోలేదని చెప్పే వంటవాడి గొంతులా ఉంది. విచారం ఉంది, తప్పు తనది కాదన్న ధీమా కూడా ఉంది.

"టీవీలో అయితే పదకొండు నిమిషాలు మేడమ్. నవ్వుతారు, చానల్ మార్చుకుంటారు. సినిమా అంటే రెండు గంటలు కూచోబెట్టాలి. ఊరికే నవ్విస్తే కూచోరు. ఇంటర్వెల్ అయ్యాక ముసలామె పోవాలి. హాలంతా ఏడవాలి."

"పోవడానికి ఆవిడకేం రోగం లేదండీ," అంది అఖిల.

"రోగం మీరే కదా మేడమ్ రాయాల్సింది."

పేరమ్మ ఒక బొమ్మ. 'తాలుకాయలు' అని ఆదివారం పొద్దున్నే టీవీలో వచ్చే బొమ్మల హాస్యంలో, మిరపకళ్లంలో కూచుని లోకాన్నంతా తిట్టిపోసే ముసలమ్మ. పదేళ్లుగా వస్తోంది. బొమ్మలు కదిలించేది ప్రసన్నకుమార్ కంపెనీ. మాటలు రాసేది అద్దంకి దగ్గరి పల్లెలో, కుక్కరు కూతల మధ్య కూచుని, అఖిల. ఆ మాటలు పుట్టేది మాత్రం అఖిల అత్తగారు వెంకటరావమ్మ నోట్లో. కోడలు చేసేదల్లా, ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరేసినట్టు, టీవీకి పనికిరాని తిట్లని ఏరి పక్కన పెట్టడమే. పేరమ్మ ముక్కూ, దుద్దులూ, నడుమున దోపిన కొంగూ కూడా అత్తగారివే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. ఆదివారం టీవీ ముందు కూచుని, "ఏం నోరే దానిది, ఆ పేరమ్మది!" అని మురిసిపోయేది.

బొమ్మల లోకంలో ఒక సుఖం ఉంది. ఈ వారం గేదె మీద కోపంతో పేరమ్మ ఇంటి కప్పు కూలగొట్టినా, వచ్చే ఆదివారానికి కప్పు కప్పులాగే ఉంటుంది. పేరమ్మకి ఒక్క వెంట్రుకైనా కొత్తగా నెరవదు. ఈ పదేళ్లలో వెంకటరావమ్మకి మాత్రం మోకాళ్లు అరిగాయి. ఈ ఏడు ఆయాసం మొదలైంది. "మిరప దుమ్ము గొంతులో పడిందే," అని ఆవిడే రోగానికి పేరు పెట్టుకుంది. ఆస్పత్రి మాటెత్తితే కోడలి పుట్టింటివాళ్లని వరసపెట్టి ఎత్తిపొడిచేది.

సినిమా వార్త విన్నాక ఆవిడ అడిగింది ఒకటే. "పెద్ద తెర మీద నా ముక్కు ఎంతుంటదే?"

"మన వాకిలంత ఉంటుంది అత్తయ్యా."

"అయితే ముక్కుపుడక సరిగ్గా గియ్యమను. పోయినేడు కుడికి పెట్టాల్సింది ఎడమకి పెట్టాడు, సన్నాసి."

చావు సంగతి అఖిల దాచింది. దాగలేదు. కళ్లంలో కాయలు తిరగేస్తుంటే ఫోను మోగింది. చేతులనిండా కారం. స్పీకరు నొక్కింది. "మేడమ్, పేరమ్మ ఎలా పోతుందో తేల్చారా?" అని ప్రసన్నకుమార్ కళ్లమంతా వినపడేలా అడిగాడు.

వెంకటరావమ్మ కాయలు ఏరుతూనే ఉంది. మర్నాడు పొద్దున అదే కళ్లంలో, ఒంగి పట్టా సర్దుతున్న ఆవిడ నడినెత్తి మీద కాకి తన్నింది.

నెత్తిన కాకి తన్నితే గండం. అయినవాళ్లకి మనిషి పోయిందని అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో గండం కొట్టుకుపోతుంది. ఆ తర్వాత నిజం చెప్పి ఎన్ని తిట్లైనా తినొచ్చు.

"చూశావా," అంది వెంకటరావమ్మ నెత్తి తడుముకుంటూ. "నువ్వింకా రాయనే లేదు, కాకి అప్పుడే చదివేసింది."

"కాకి ఎక్కడ వాలబోయి ఎక్కడ తగిలిందో అత్తయ్యా."

"బీయే చదివినదానివి, నీకట్టాగే ఉంటది. ముందు నా తమ్ముడికి ఫోన్ చెయ్యి. ఏడుస్తూ చెప్పు."

"మీ అబ్బాయి చేత చెప్పిద్దాం."

"కన్నకొడుకు నోటితో ఆ మాటా? పదేళ్లుగా అబద్ధాలు రాస్తున్నావు, ఒక్కటి నోటితో చెప్పలేవటే?"

తమ్ముడు బుల్లయ్య చీమకుర్తిలో రాళ్ల లారీలు నడిపిస్తాడు. ఫోనెత్తగానే హారన్లు వినిపించాయి. స్పీకరు పెట్టమని సైగ చేసి, వెంకటరావమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పక్కనే కూచుంది.

"బాబాయిగారూ, నేను అఖిలని. అత్తయ్య... అత్తయ్య మనకిక లేరండీ."

హారన్లు. ఆ వెనక బుల్లయ్య నవ్వు.

"అబ్బ, భలే చెప్పావమ్మా! ఆ 'అత్తయ్య' దగ్గర ఆగావు చూడూ, అక్కడ పడింది. ఈ ఆదివారమేనా, సినిమాలోనా?"

"నిజం బాబాయిగారూ!"

"నిజమేలే. మరి గేదె ఏమంది?" అని, అటు తిరిగి ఎవరితోనో, "ఒరేయ్, మా అక్క చచ్చిపోయిందంటరా! ఈసారి యముడికి మూడిందే!" అన్నాడు. నలుగురైదుగురు నవ్విన నవ్వు లారీల మోతని మించి వినపడింది.

పిడుగురాళ్లలో ఉన్న చెల్లెలు సుబ్బరావమ్మ ఇంకా మేలు. "పోయిందా? నా పట్టుచీర దాని దగ్గరే ఉందే, ఇచ్చి పొమ్మను," అని పకపకా నవ్వి, సినిమాలో పేరమ్మకి చెల్లెలు ఉంటే ఆ బొమ్మని కాస్త సన్నగా గియ్యమంది.

అఖిల ఫోను పక్కన పెట్టింది. వెంకటరావమ్మ నోట్లోంచి కొంగు తీసింది.

"నవ్వారు," అంది. కొంగు నడుమున దోపుకుని, "తోడబుట్టినోళ్లే నవ్వారంటే, ఇంక ఊళ్లోవాళ్లు విజిలేస్తారు," అంది.

మామూలుగా అయితే అది ఆదివారానికి పనికొచ్చే మాట. అఖిలకి ఎందుకో దాన్ని తీసుకోబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి వెంకటరావమ్మ తిట్టడం మానేసింది. కాయలు ఏరే కూలీల్లో ప్రేమమ్మ ఊరుకోలేక, "కాకికేం తెలుసమ్మా చావూ బతుకూ? మేము ప్రార్థనలో పెడతాంలే నిన్ను," అంది. "ప్రార్థన కాదే ప్రేమమ్మా, నాక్కావాల్సింది ఏడుపు," అంది ఆవిడ. అంతకు మించి మాట లేదు. ఉప్పు ఎక్కువైన పప్పుని నోరెత్తకుండా తినేసిన రోజున కొడుకు వీరబాబు బెదిరిపోయాడు. "అమ్మా, నీకు పుణ్యముంటుంది, నన్నొక్క తిట్టు తిట్టవే," అని బతిమాలాడు. ఆవిడ వాడికేసి చూసి, చెయ్యి కడుక్కుని లేచింది. లేచేటప్పుడు గోడ పట్టుకుంది.

"ఆస్పత్రికి పోదాం అత్తయ్యా," అంది అఖిల.

"గండం నెత్తిన పెట్టుకుని ఆస్పత్రికి పోయినోళ్లు నడిచి తిరిగిరారే."

ఆ వారం ఎపిసోడుకి రాయడానికి అఖిల దగ్గర ఒక్క మాట లేదు. ఇల్లంతా శుభ్రంగా, మర్యాదగా, పరాయి ఇల్లులా ఉంది. చివరికి ప్రసన్నకుమార్‌కి ఫోను చేసింది.

"పేరమ్మ చావదండీ. కాకి తన్నుతుంది. చావు కబురు పంపుతారు. అందరూ నవ్వుతారు. ఒక్కరైనా నమ్మి ఏడిస్తేనే గండం గడిచేది. సినిమా అంతా ఆ ఒక్కరి కోసం వెతుకులాట."

"బాగుంది మేడమ్. చాలా బాగుంది. మరి చివరికి ఏడ్చేది ఎవరు?"

"అదింకా తెలియలేదు."

"అదే కదా మేడమ్ సినిమా!"

రాసినంతవరకూ కాగితాలు పట్టుకుని సాయంత్రం కళ్లానికి వెళ్లింది. కూలీలు వెళ్లిపోయారు. మిరపరాశి పక్కన గోనెపట్టా మీద, బస్తాకి వీపు ఆనించి వెంకటరావమ్మ కూచుని ఉంది. ఒడిలో గుప్పెడు తాలుకాయలు.

"కథ మార్చాను అత్తయ్యా. వినండి."

ఆవిడ తలూపింది. అఖిల చదవసాగింది. ఫోనులో నవ్విన తమ్ముడి దగ్గర ఆగింది. ఎప్పటిలా అయితే అక్కడ ఆవిడ అడ్డొచ్చి, "అట్టా కాదే, వాడు ముందు ముక్కు చీదుతాడు," అని దిద్దాలి. దిద్దలేదు. పేరమ్మ ఊరూరా తిరిగి, ఏడ్చేవాళ్ల కోసం వాకబు చేసే చోట మళ్లీ ఆగింది. అక్కడైనా నవ్వాలి. నవ్వలేదు. వారం నుంచీ పిల్లికూతల్లా వినపడుతున్న ఆ ఊపిరి కూడా వినపడటం లేదని అఖిలకి అప్పుడు తట్టింది.

తలెత్తి చూసింది. వెంకటరావమ్మ తల పక్కకి ఒరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒళ్లో చెయ్యి జారి, తాలుకాయలు పట్టా మీద పడ్డాయి.

"అత్తయ్యా," అంది.

కాగితాలు ఎక్కడ పడ్డాయో తెలియదు. రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది. "అత్తయ్యో" అని మీద పడి గొంతు చించుకుని ఏడ్చింది. చదువుకున్న ఏడుపు కాదది. పక్క కళ్లంలో కుక్క మొరిగింది. ఎన్నడూ నోట రాని మాటలన్నీ వచ్చాయి. నన్ను తిట్టేదెవరు అంది. పప్పులో ఉప్పు చూసేదెవరు అంది. ఆ ఏడుపులో తను ఎంతసేపు ఉందో, కింది ముసలి గుండె కొట్టుకుంటోందో లేదో, చూడాలన్న తెలివి కూడా లేకపోయింది.

"లెగవే," అంది వెంకటరావమ్మ. "పక్కటెముకలు విరుగుతున్నాయి."

అఖిల వెనక్కి పడినంత పని చేసింది.

"కునుకు పట్టింది," అంది ఆవిడ, కొంగుతో మూతి తుడుచుకుంటూ. కళ్లలో మాత్రం నిద్ర జాడ లేదు. "ఎందుకేడ్చావు? కారం పడిందా కంట్లో?"

మిరపకళ్లంలో కన్నీళ్ల సాక్ష్యం చెల్లదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"లేదు అత్తయ్యా. పోయారనుకున్నాను."

"నమ్మావా? నిజంగా నమ్మే ఏడ్చావా?"

"నమ్మాను."

వెంకటరావమ్మ కోడలి మొహాన్ని, మిరపకాయని వెలుతురుకి పట్టి చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూసింది. తాలు కాదని తేల్చుకుంది కాబోలు, గడ్డం వదిలింది.

"అయితే చెల్లింది. కోడలి ఏడుపైనా ఏడుపే." అని ఆకాశంలోకి చూసి, "వినపడిందటే, నల్లముండా!" అని కాకులన్నిటికీ కలిపి ఒక కేక వేసింది. ఆ కేక సగంలో ఆయాసం అడ్డొచ్చి ఆగిపోయింది. "రేపు ఆస్పత్రికి పోదాంలే. గండం ఎటూ పోయింది. ఆ డాక్టరు ఏం పీకుతాడో చూద్దాం."

ఆవిడ ముందు నడిచింది. అఖిల కాగితాలు ఏరుకుని వెనక నడిచింది. చివర్లో ఏడ్చేది ఎవరో ఇప్పుడు తెలిసింది. ప్రసన్నకుమార్‌కి ఫోను చేస్తే ఎగిరి గంతేస్తాడు. పేరమ్మ లేచి కూచుంటుంది. హాలంతా చప్పట్లు కొడుతుంది. మళ్లీ ఆదివారానికి ఆ ముసలమ్మకి ఏమీ అయి ఉండదు.

కళ్లం నుంచి ఇంటికి నాలుగు అడుగులు. వెంకటరావమ్మ దారిలో ఒకసారి ఆగి, కంచె మీది బట్టలు ఇంకా తియ్యలేదని పొరుగింటివాళ్లని తిట్టింది. కొంచెం నడిచి మళ్లీ ఆగి, ఏ పాపమూ ఎరగని గేదెని తిట్టింది. ఆ రెండు తిట్లూ ఊపిరి తీసుకోవడానికేనని అఖిలకి తెలుసు. చెయ్యి అందిస్తే మూడో తిట్టు తనకే. అందించకుండా, ఆగినచోటల్లా ఆగుతూ, ఒక అడుగు వెనకే నడిచింది.