మూడో దిమ్మ

నేను ఒక పగలగొట్టే మిషన్‌ని. ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ వాళ్ల లాబులో, ఒక మూల నిలబడి కాంక్రీటు దిమ్మల్ని రెండు ఇనప పలకల మధ్య పెట్టి నొక్కడం నా పని. ఎంత బరువుకి విరిగిందో నా ముఖం మీది ముల్లు చెబుతుంది. అంతకు మించి నాకేమీ రాదు. పొగడ్త అసలు రాదు.

కోయంబత్తూరు వైపు ఒక ఫౌండ్రీలో నన్ను పోతపోసి, లారీలో తాళ్లతో బిగించి ఇక్కడికి తెచ్చారు. దించిన రోజున నా పాదాల దగ్గరే కొబ్బరికాయ కొట్టారు. పగలగొట్టేదానికి ఇంకోదాన్ని పగలగొట్టి స్వాగతం చెప్పాలని మనుషులకే తోస్తుంది.

నా దగ్గరికి దిమ్మలు ఎందుకొస్తాయో చెప్పాలి. శ్లాబు పోసే రోజున, కలిపిన ఆ కాంక్రీటు మాలే కొంచెం తీసి దిమ్మలుగా పోస్తారు. నాలుగు వారాలు నీళ్లలో నానబెట్టి నాకిస్తారు. దిమ్మ ఎంత మోస్తే పైన శ్లాబు అంత మోస్తుందని నమ్మకం. శ్లాబుకి ఒక మాలు, దిమ్మకి ఒక మాలు కలిపే ఘనుల్ని చాలామందిని చూశాను. వాళ్ల దిమ్మ పెళ్లికొడుకులా ముస్తాబై వచ్చేది. వాళ్ల ఇళ్లు ఎలా ఉండేవో నేను చూడలేదు, అందులో చేరినవాళ్లు చూసే ఉంటారు.

ఈ లాబు గుంటి జ్ఞానానందం మాస్టారిది. తెల్ల చొక్కా, జేబులో చిన్న బైబిలు. చర్చి సంఘం పెద్దల్లో ఒకరు, ఆదివారం అక్కడ వాక్యం చదివేవారు. మిగతా రోజుల్లో పిల్లలకి సిమెంటు గురించి చెప్పేవారు. నీళ్లు ఎక్కువైతే మాలు మెత్తగా జారుతుంది, పనివాళ్లకి సుఖంగా ఉంటుంది, కానీ ఆ సుఖానికి కప్పు బతికినన్నాళ్లూ శిక్ష అనుభవిస్తుందని బల్ల గుద్ది చెప్పేవారు. సాయంత్రం అయిదు దాటితే ప్రిన్సిపాలు పిలిచినా ఆగేవారు కాదు. ఇంట్లో భార్య సువార్తమ్మ, ఇద్దరాడపిల్లలు ప్రార్థనకి ఎదురుచూస్తుంటారు.

నా వాల్వు తిప్పే ముందు మాస్టారు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. దిమ్మ పాసవ్వాలని మొక్కుతున్నారని కాంట్రాక్టర్లు మురిసిపోయేవాళ్లు. ఒక విద్యార్థి అడిగేశాడు. "ముల్లు ఎక్కడ ఆగితే నా నోరూ అక్కడే ఆగాలి, ఒక్క అంకె ఎక్కువ చెప్పకూడదని అడుగుతానయ్యా" అన్నారాయన. కాంట్రాక్టర్ల మురిపెం ఆ రోజుతో పోయింది.

ఒక రోజు ఆయనే మూడు దిమ్మలు చేతిసంచుల్లో మోసుకొచ్చారు. వాళ్ల చర్చి కొత్త కప్పువి. ఆదివారం ప్రతిష్ఠ, బిషప్పుగారు వస్తున్నారు. ఊరంతా కాగితప్పూలు కట్టేశారు.

మొదటిది పెట్టారు. నేను నొక్కడం మొదలుపెట్టానో లేదో అది టప్పున చిట్లింది. మోయాల్సిన దాంట్లో సగం కూడా మోయలేదు. నేను నిర్ఘాంతపోయాను. నాలోనే లోపముందేమో, నూనె కారిందేమో అనుకున్నాను. మాస్టారికీ అదే అనుమానం. వంగి గొట్టాలన్నీ తడిమి చూసి రెండోది పెట్టారు. అదీ అంతే.

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. మూడోదాన్ని ముట్టుకోలేదు. భార్యకీ, సంఘం పెద్దగా ఉన్న బావమరిది ఆరోనుకీ కబురు పెట్టారు. ఒక్కరే చూస్తే తన నోరు ఎక్కడ ఆగుతుందో ఆయనకే నమ్మకం లేదేమో.

అసలు జరిగిందేమిటో నేను చూడలేదు. తర్వాత ప్రతి కొత్త బ్యాచికీ మాస్టారే చెప్పగా విన్నాను. ఆ కప్పుని సంఘమంతా కలిసి పోసుకున్నారు. ఆడా మగా మాలు నింపిన గమేళాలు అందించుకుంటూ కీర్తనలు పాడారు. ఎవరికి పుట్టిందో ఆలోచన, దేవుడి ఇంటికి ప్రతి ఇంటి నీళ్లూ కలవాలన్నారు. తలా ఒక బిందె తెచ్చి మాల్లో పోశారు. ఒకరిది పోసి ఇంకొకరిది వద్దంటే ఎవరు ఊరుకుంటారు? ముసలివాళ్లు కూడా బిందె నెత్తిన పెట్టుకుని వచ్చారు. మాలు పాయసంలా అయింది. ఇన్నేళ్లు బల్ల గుద్దిన మనిషి అక్కడే నిలబడి చూశారు. ఆపలేదు.

ఆరోను, సువార్తమ్మ కలిసే వచ్చారు. ఆరోను రాగానే ముక్కలు చూశాడు. అర్థమైపోయింది.

"బావా, మూడోది కొట్టమాక. నిలబడే ఉందిగా కప్పు. పడిపోలేదుగా."

"ఇవాళ నిలబడింది. తుపాను రోజున జనమంతా వచ్చి దానికింద తలదాచుకుంటే?"

"దేవుడు పట్టుకోడా?"

"నీళ్లు పోసింది మనం. పట్టుకునే పని మాత్రం ఆయనకా?"

ఆరోనుకి కోపమొచ్చింది. ఇంజనీరు వచ్చి దేవుడికి పాఠం చెబుతున్నాడన్నాడు. ఈ మాట బయటికొస్తే నిన్ను సంఘం పెద్దల్లోంచి తీసేస్తారు, అక్కా పిల్లలూ గుళ్లో తలెత్తుకోలేరు అన్నాడు. సువార్తమ్మ కిందికి వంగింది. ముక్క ఒకటి తీసి వేళ్లతో నలిపింది. ఇసక రాలింది.

"ముందు పోసింది మన బిందే" అంది. "మీరు అక్కడే ఉన్నారుగా. ఎందుకాపలేదు?"

"నీ చేతిలో బిందె చూశాను సువార్తా. నోరు రాలేదు."

ఆవిడ తిడుతుందనుకున్నాను. కొంగు బిగించి నా ముందుకొచ్చింది.

"తిప్పేదేది? నాది మంచి హస్తవాసి. నేను తిప్పుతా."

మాస్టారు మూడో దిమ్మ పెట్టి వాల్వు చూపించారు. ఆవిడ చెయ్యి పడేసరికి నేను గతుక్కుమన్నాను. ఇన్నేళ్లలో ఒక దిమ్మ నిలవాలని నేను కోరుకోవడం అదే మొదటిసారి. కోరుకుంటే ఏమవుతుంది, నాది నొక్కే పుట్టుక. ముల్లు కదిలింది. ఆవిడ పెదాలు ప్రార్థనలో కదులుతున్నాయి. టప్పుమంది. ముల్లు ఆగిన చోటు మొదటి రెండూ ఆగిన చోటే.

ఆరోను బయటికి వెళ్లిపోయాడు.

"ఆదివారం గుళ్లో మీరే చెప్పండి" అంది సువార్తమ్మ. "నేను పక్కన నిలబడతాను."

చెప్పారు. మా నీళ్లు దేవుడికి బరువయ్యాయా అని ఒక ముసలావిడ అడిగితే ఏడ్చేశారట. కప్పు పడగొట్టారు. మాస్టారిని పెద్దల్లోంచి తీసేశారు. ఆరోను మాట్లాడటం మానేశాడు. వానకీ ఎండకీ టార్పాలిన్ కింద ఆరాధన జరిగింది, ఈ కుటుంబం ఒక్క ఆదివారం మానకుండా వెనక వరసలో కూర్చుంది. మళ్లీ పోసేటప్పుడు మాలుకి ఎంత నీళ్లు పట్టాలో మాస్టారే లెక్కగట్టి, ఆ లెక్కని ఇళ్లకి పంచారు. ఇంటికో గ్లాసు. నవ్వుకుంటూనే పోశారట. ఆ దిమ్మలు నా దగ్గరికి వచ్చాయి. ఒక పట్టాన విరగక నన్ను ఆయాసపెట్టాయి.

మాస్టారు పోయారు. కొత్త డిజిటల్ మిషన్ వచ్చింది. ఈ గదికి ఆయన పేరు పెట్టి సెమినార్ హాలు చేస్తున్నారు, రేపు పాత ఇనుము వాడొచ్చి నన్ను పట్టుకుపోతాడు. ఆయన పేరు పెట్టడానికి ఆయన మిషన్ అడ్డమట! సంస్మరణ సభ ఇక్కడే పెట్టి, నా మీద దుప్పటి కప్పారు. దాని చిరుగులోంచి అంతా కనిపిస్తోంది.

ప్రిన్సిపాలు మైకు పట్టుకున్నారు. జ్ఞానానందం గారు సాధువు, మృదుభాషి, జీవితంలో ఎవరి మనసూ నొప్పించి ఎరగరు అన్నారు. దుప్పటి కింద నేను నివ్వెరపోయాను. ఎవరి గురించి చెబుతున్నాడీయన? ఇంకో సభకి వెళ్లాల్సిన ఉపన్యాసం దారితప్పి వచ్చిందా?

ముందు వరసలోంచి సువార్తమ్మ లేచింది. మైకు అడగలేదు.

"నొప్పించారండీ" అంది. "ఊరందరినీ నొప్పించారు. నన్ను ఎక్కువ నొప్పించారు. మొన్న తుపానుకి మేమంతా మళ్లీ పోసిన ఆ చర్చి కప్పు కిందే తలదాచుకున్నాం."

పక్కన కూర్చున్న ఆరోను, ముసలివాడైపోయాడు, తల ఊపాడు. ప్రిన్సిపాలు కాగితం మడిచేశారు. నాకు తెలిసిన మాస్టారు అప్పుడొచ్చారు ఆ గదిలోకి.