ఎలుగుబంట్ల వానలో ఢీ

డన్‌బ్రే ఊరి ఐస్ హాకీ జట్టులో గోల్ కాసే గోలీని చూడ్డానికి వచ్చానని ఓరెస్ట్ హవ్రిలుక్ కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. పెద్ద జట్లకి కొత్త ఆటగాళ్లని వెతికిపెట్టే స్కౌటన్నవాడు తను ఎవరికోసం వచ్చాడో ఆ ఒక్కడి పేరు తప్ప జట్టులో అందరి పేర్లూ చెబుతాడు. అది ఆ వృత్తిధర్మం.

వచ్చింది మాత్రం కెల్విన్ ఫ్రీసన్ కోసం. డన్‌బ్రే జట్టులో డిఫెన్స్ ఆడే కుర్రాడు, అంటే ఎదుటివాడి కర్ర నుంచి పక్ అనే రబ్బరు బిళ్లని లాక్కునేవాడు. పదిహేడేళ్లకే గుమ్మానికి సరిపడా ఎత్తు, గుమ్మం పట్టనంత వెడల్పు. వాడు భుజం ఆనిస్తే ఎదుటివాడికి కళ్లముందు చుక్కలు, చుక్కల మధ్య వాళ్లమ్మ కనిపిస్తుందని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటాయి. ఓరెస్ట్‌కున్న అనుమానం ఒక్కటే. వీడు పక్‌ని పక్కనబెట్టి పక్కవాణ్ణి గుద్దే రకమా, లేక బుద్ధితో గుద్దే రకమా?

ఆ ఒక్క అనుమానం మీదే అతని ఉద్యోగం నిలబడి ఉంది. పోయినేడు ఇలాంటి ఆజానుబాహువునే పట్టుకొచ్చాడు. ఆ అబ్బాయి ఎడమకి తిరిగేలోపు అవతలివాళ్లు గోల్ చేసి, పండగ చేసుకుని, మళ్లీ వచ్చి వరసలో నిలబడేవాళ్లు. "నువ్వు తెచ్చింది ఆటగాణ్ణి కాదు ఓరెస్ట్, బీరువాని," అంది బాస్ గ్లెండా. "ఈసారీ బీరువానే తెస్తే నీ బట్టలు అందులోనే సర్దుకుని వెళ్లిపో."

"ఏరా, మళ్లీ బీరువా బేరమా?" పక్క సీటులో కూలబడుతూ అడిగాడు లార్న్ పెన్నర్. వేరే జట్టు స్కౌటు. ముప్ఫై ఏళ్లుగా ఇద్దరూ ఒకే చలిలో వణుకుతూ, ఒకే నీళ్లకాఫీ తాగుతూ, ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుంటున్నారు.

"గోలీ కోసంరా. నువ్వో?"

"నేనా? పెరోగీల కోసం. ఆ ఉడికించిన కజ్జికాయల మీదికి ఇక్కడ ఉల్లిపాయలు బాగా వేయిస్తారు."

"ఆటగాళ్లని వేయించుకు తినేవాడివి, ఉల్లిపాయలతో సరిపెట్టుకుంటావా?"

ఆ రోజు ఎలుగుబంట్ల ఆట. క్రిస్మస్ ముందు ఒక ఆటకి ఊరంతా ఎలుగుబంట్లూ కుందేళ్లూ లాంటి బొచ్చుబొమ్మలతో వస్తుంది. సొంత జట్టు మొదటి గోల్ పడగానే అన్నీ మంచు మీదికి విసురుతారు. ఏరి ఆసుపత్రి పిల్లలకి పంచుతారు. ఆ గోల్ వేసినవాడికి ఊళ్లో ఏడాదిపాటు కాఫీ ఉచితం. అందుకే కుర్రాళ్లంతా గోలు గోలని ఒకటే గోల, వెనక కాపలా ఎవడికీ పట్టదు.

రెండో పీరియడ్‌లో డన్‌బ్రేవాడు కొట్టిన పక్ గోల్‌పోస్టుకి తగిలి ఠంగుమంది. ఎవరో "గోల్!" అని ఎలుగెత్తారు. అంతే, ఎలుగుబంట్లు ఎగిరాయి! ఆకాశం చిల్లుపడ్డట్టు బొమ్మలు. డన్‌బ్రే కుర్రాళ్లు చేతులెత్తి గెంతుతూ ఒకళ్లనొకళ్లు వాటేసుకున్నారు. రిఫరీ నోట్లో ఈల ఉంది, ఊదడం మర్చిపోయాడు.

అది గోల్ కాదు. వెనక్కొచ్చిన పక్‌ని అవతలి జట్టు వాడొకడు దొరకబుచ్చుకుని, బొమ్మల మధ్య నుంచి ఒంటరిగా డన్‌బ్రే గోల్‌వైపు దూసుకుపోతున్నాడు.

ఊరంతా బొమ్మల్ని చూస్తోంది. పక్‌ని చూస్తున్నవాడు ఒక్కడే, కెల్విన్. కుందేలు మీంచి దూకాడు, రెండు ఎలుగుల్ని తప్పించుకున్నాడు, వాణ్ణి గోడవైపుకి నెట్టుకుంటూ వెళ్లాడు. ముందు కర్రతో పక్ తీశాడు. ఆ వెనకే భుజంతో మనిషిని తీశాడు. వాడు వెళ్లి మెత్తగా బొమ్మల గుట్టలో దిగబడ్డాడు. అప్పటికి రిఫరీకి ఈల గుర్తొచ్చింది.

"ఏమైందిరా?" అన్నాడు లార్న్. దూడంత ఎలుగుబంటి ఒకటి వచ్చి అతని మొహాన పడింది. కాఫీ అంతా కోటు తాగేసింది.

"ఏముంది, ఎప్పట్లాగే ఆ మొద్దబ్బాయి ఎవణ్ణో గుద్దాడు."

బొమ్మలు ఏరుతున్నంతసేపూ ఓరెస్ట్ బుద్ధిగా గోలీనే చూస్తూ కూర్చున్నాడు. లార్న్ కోటు పిండుకుంటూ అతన్ని ఓరగా చూశాడు.

"ఒరేయ్, నా మొహాన ఎలుగుబంటి పడింది."

"ఊఁ."

"కోటు నిండా కాఫీ."

"అయ్యో పాపం."

"పాపమా? ఇంత జరిగితే నామీద ఒక్క జోకు వెయ్యలేదు నువ్వు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి. నేను చూడనిదేదో నువ్వు చూశావు!"

ఓరెస్ట్ జోకు కోసం బుర్రంతా తడుముకున్నాడు. ఒక్కటీ తగల్లేదు. లార్న్ తాపీగా ఫోన్ తీసి, ఈ ఆట వీడియో పంపమని తన ఆఫీసుకి చెప్పడం మొదలుపెట్టాడు.

ఓరెస్ట్ బాత్రూముకని లేచి, వసారాలో పాప్‌కార్న్ బండి వెనక నక్కి గ్లెండాకి ఫోన్ కొట్టాడు.

"బాస్, ఈసారి కుర్రాళ్ల ఎంపికలో ఫ్రీసన్‌ని మొదటి రౌండ్‌లోనే తీసుకోవాలి, మన వంతు మళ్లీ వచ్చేదాకా ఆగితే దక్కడు."

"నిన్న మూడో రౌండ్ చాలన్నావుగా?"

"లార్న్ చూసేశాడు."

"ఆ కుర్రాణ్ణా?"

"కాదు బాస్, నన్ను."

"మొదటి రౌండంటే తమాషా కాదు. వీడూ బీరువా అయితే నిన్ను నేను కాపాడలేను, తెలుసుగా?"

"తెలుసు. అందరూ గాల్లోకి చూస్తున్నప్పుడు వాడు కింద చూశాడు బాస్. పేరు రాసుకోండి."

"సరే, రాసుకున్నా," అంది గ్లెండా.

అంతలో లోపల హారన్ మోగింది. ఈసారి నిజం గోలే. విసరడానికి బొమ్మలు మిగల్లేదేమో, జనం టోపీలూ చేతి తొడుగులూ విసురుతున్నారు. స్టేడియం దద్దరిల్లుతోంది. ఓరెస్ట్ లోపలికి వెళ్లే తలుపు తియ్యలేదు. గుండెల మీద సిలువ గీసుకుని, ఇంకెవరి కళ్లూ వాడి మీద పడకుండా, ఆ గోల్ వేసినవాడు కెల్విన్ కాకుండా ఉంటే చాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.